చేతికందిన రాళ్ళు

జగ్గయ్యపేట దాటి గరికపాడు వైపు వెళ్తుంటే, హైవే మీంచి తెల్లరాళ్ళ గుట్ట పెద్ద గొప్పగా ఏమీ కనిపించదు. తుమ్మచెట్లు, బలుసు పొదలు, మధ్యమధ్యలో పలకలు పలకలుగా పైకి తేలిన సున్నపురాయి. నందిగామ నుంచి ఆదివారాలు నడకకి వచ్చే నలుగురైదుగురు కలిసి ఆ గుట్ట మీదికి దారి వేశారు. వాళ్ళనెవరూ చెయ్యమనలేదు. ముళ్ళకంపలు నరికారు. వాననీళ్ళు దారిని కోసెయ్యకుండా అడ్డంగా చిన్న కాలవలు తీశారు. జారే చోటల్లా రాళ్ళు పేర్చి గట్టు కట్టారు.

ఆ గట్టే వాళ్ళలో ఒకరైన కొండలరావు ప్రాణం తీసింది.

మొన్న వానాకాలంలో ఒకరోజు, కాలవ పూడిపోయి ఉంటుంది చూసొస్తానని ఒక్కడే బయల్దేరాడు. మూడో మలుపు దగ్గర గట్టు మొత్తం విరిగి ఆయన మీద పడింది. మర్నాటిగ్గానీ బయటికి తియ్యలేకపోయారు, తియ్యగానే రాళ్ళు మళ్ళీ జారి ఆ చోటిని కప్పేశాయి. ముఖం చూసే వీల్లేదు. చొక్కా చూసి ఆయనేనన్నారు. భార్య ఆమనిని దగ్గరికి రానివ్వలేదు. ఆస్పత్రి వరండాలో ఆమెని పొదివి పట్టుకుని కూర్చున్నది ఎదురింటి యామినే.

సంక్రాంతి వెళ్ళాక ఆమనే ఆ మాట ఎత్తింది.

"ఆ మలుపు బాగుచేద్దాం యామినీ. ఆ రాళ్ళు అట్లా పడున్నన్నాళ్ళూ నాకు కంటిమీద కునుకు రాదు."

యామినికి ఇష్టం లేదు. అయినా కాదనడానికి నోరు రాలేదు.

ఆ ఆదివారం పొద్దున నలుగురు వెళ్ళారు. కారు నవీన్‌బాబుది. అతనికి గాంధీచౌక్ దగ్గర హార్డ్‌వేర్ షాపు ఉంది, గడ్డపారలూ, తట్టలూ, నూలు గ్లౌజులూ అతనే తెచ్చాడు. ముందు సీట్లో వీరరాఘవయ్యగారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు. మిగతా ముగ్గురికీ ఆయన బాబాయిగారే. గరికపాడు ఢాబాలో ఫ్లాస్కు నిండా టీ పోయించుకున్నారు. రాత్రి దిగిన పొగమంచు ఇంకా విడలేదు. లారీలు పట్టపగలే లైట్లేసుకుని పాకుతున్నాయి.

గుట్ట దగ్గర మంచు మరీ చిక్కగా ఉంది.

పని ఎలా చెయ్యాలో బాబాయిగారు చెప్పారు. కూలిన రాళ్ళన్నీ కింద లోయలో కుప్పగా పడి ఉన్నాయి. దారి చుట్టూ తిరిగి మోస్తే ఎప్పటికీ అవదు. అందుకని వాలు మీద ఒకరి పైన ఒకరు నిలబడాలి. కుప్ప దగ్గర నవీను, అతని పైన ఆమని, ఆమె పైన యామిని. యామిని తన తల ఎత్తున ఉన్న బండ మీద రాయి పెడితే, పైనుంచి బాబాయిగారు తీసుకుని గట్టు పేరుస్తారు.

"అందుకో," అంటూ ఆమని రాయి ఇచ్చేది.

"అందుకోండి బాబాయిగారూ," అంటూ యామిని పైన పెట్టేది.

కాసేపటికి పనికి ఒక ఊపు వచ్చింది. మాటలు తగ్గాయి. వంగడం, అందుకోవడం, తిరగడం, పెట్టడం... చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. మంచు ఇంకా దట్టమై ఆమని ముఖం కనిపించకుండా పోయింది. తెల్లటి మంచులోంచి రాయి ఒక్కటే పైకొస్తోంది. హైవే మీద హారన్లు ఎక్కడో దుప్పటి కింద మోగినట్టుండి, తర్వాత అవీ వినిపించలేదు. ఆరీ ఆరని బట్టలు మూటగట్టి మరిచిపోతే వచ్చే ముక్కవాసన ఒకటి కింది నుంచి వచ్చింది. మంచు వల్లే అనుకుంది యామిని.

రాళ్ళు చల్లబడుతున్నాయి. గ్లౌజుల్లో ఉన్నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

"చాలు అక్కా, కాస్త ఆగుదాం."

ఇంకో రాయి వచ్చింది. తీసుకుని పైన పెట్టబోయింది. బండ మీద చోటు లేదు. ఇంతకుముందు పెట్టిన రాళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. బాబాయిగారు తియ్యడం ఎప్పుడో ఆపేశారు.

అప్పుడు పైనుంచి, చాలా పైనుంచి, పిలుపు వినపడింది.

"యామినీ! టీ చల్లారిపోతోంది, రావే!"

అది ఆమని గొంతు.

యామిని రాయి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నువ్వు... పైకెప్పుడెళ్ళావక్కా?"

"దారి చుట్టూ తిరిగొచ్చాం, నేనూ నవీనూ. నీకు చెప్పే వచ్చాగా? ఊఁ అన్నావు కూడా."

యామిని ఊఁ అనలేదు.

మంచులోంచి ఇంకో రాయి పైకి వచ్చింది. ఆమె మోకాళ్ళ దగ్గర ఆగింది. ఈసారి రాయిని కాదు, దాని కింద ఉన్న చేతుల్ని చూసింది. గ్లౌజులు లేవు. నీళ్ళలో నానినట్టు పాలిపోయి ముడతలు పడిన చేతులు. గోళ్ళ నిండా మట్టి. మణికట్టు దాకా కనిపిస్తున్నాయి... ఆ తర్వాత మంచు.

అరవాలనుకుంది. వెనక్కి జరిగితే వీపు బండకి తగిలింది.

"అందుకో."

మగ గొంతు. గుసగుసగా.

ఎందుకు అందుకుందో ఆమెకి తర్వాత ఎప్పటికీ అర్థం కాలేదు. అందుకోకపోతే ఆ చేతులు ఇంకా పైకొస్తాయనిపించింది. చేతిలోది కింద వదిలేసి అది తీసుకుంది. వెంటనే ఇంకోటి.

"బరువు తగ్గుతోంది..." అందా గొంతు. "ఇంకొన్నే..."

"ఏంటమ్మాయ్, ఎవరితో మాట్లాడుతున్నావు?" అంటూ బాబాయిగారు బండ పక్కనుంచి దిగారు. దిగి, చూశారు. ఒక్క ఊపున యామిని చేతిలోని రాయి లాక్కుని మంచులోకి విసిరేశారు.

రాయి రాతి మీద పడిన చప్పుడు కాదు. మెత్తటి దాని మీద పడినట్టు... ధబ్.

"అమ్మా..." అని ఒక మూలుగు.

పైన గ్లాసు పడిన చప్పుడైంది.

"ఆయనే!" అంది ఆమని. "ఆయన గొంతే అది..."

పట్టుకునేలోపే దిగేసింది. చీర తుమ్మకొమ్మకి పట్టుకుని చిరిగింది, ఆగలేదు. యామిని పక్కనుంచి దూసుకుపోయి మంచులో కలిసిపోయింది. కింద రాళ్ళు దొర్లుతున్న చప్పుడు, మధ్యలో ఆమె మాటలు.

"ఉండండి... తీస్తున్నానండీ... ఒక్క క్షణం ఓర్చుకోండి..."

ముగ్గురూ పడుతూ లేస్తూ దిగేసరికి ఆమని కుప్ప మీద మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు పెళ్ళగిస్తోంది. గ్లౌజులు చిరిగిపోయాయి. వేళ్ళ నుంచి రక్తం. చుట్టూ ఇంకెవరూ లేరు.

నవీన్‌బాబు వెనకనుంచి పట్టుకున్నాడు. "అక్కా, ఇక్కడెవరూ లేరక్కా."

"మరిందాక మూలిగిందెవర్రా?"

ఆమని అతని ముఖంలోకి చూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఆ రోజు మనం తీసుకెళ్ళి కాల్చింది ఎవర్ని?"

ఆమెని మోసుకుంటూనే కారు దగ్గరికి తెచ్చారు. నందిగామ ఆస్పత్రిలో వేళ్ళకి కట్లు కట్టి, నిద్రకి ఇంజక్షన్ ఇచ్చారు. మర్నాడు మెలకువ వచ్చాక యామిని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నువ్వెళ్ళి చూడు. కింద ఏమీ లేదని నువ్వు చెప్తేనే నమ్ముతా."

ఆ మాట కోసం యామిని మళ్ళీ వెళ్ళింది. బాబాయిగారూ, నవీనూ, ఇద్దరు కూలీలూ తోడొచ్చారు. ఆరోజు మంచు లేదు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. లారీల హారన్లు దగ్గర్లోనే వినిపిస్తున్నాయి. కూలీలు గడ్డపారలేసి ఒక్కో రాయీ పక్కకి దొర్లించారు. యామిని దూరంగా నిలబడింది. ఒక్క రాయిని కూడా ముట్టుకోలేదు.

మధ్యనున్న పెద్ద పలక లేపాక అడుగున మట్టి కనిపించింది. అందులో మనిషి వెల్లకిలా పడుకున్నంత గుంట. తల ఆనిన చోటు, భుజాలు, మడమలు... అన్నీ అచ్చు దిగి, ఎండి బీటలు వారి ఉన్నాయి. గుంట ఖాళీగా ఉంది.

నవీన్‌బాబు గట్టిగా ఊపిరి వదిలాడు. "ఏం లేదు బాబాయిగారూ. ఆ రోజు పడిన గుర్తే ఇది. వెళ్ళి ఆమనక్కకి చెప్దాం."

యామినికి ఏడుపొచ్చింది. నిన్నటి నుంచి పట్టి ఉంచినదంతా ఒక్కసారి వదిలినట్టయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, కూలీ ఒకడు ఆ పక్కనే ఉన్న పలక కింద గడ్డపార పెట్టాడు. రెండోవాడూ చెయ్యేస్తేగానీ అది లేవలేదు.

"ఇక్కడ కూడా ఉందండీ," అన్నాడు.

మొదటి గుంటకి ఆనుకుని రెండోది. ఇది ఎండలేదు. ఇప్పుడే చేత్తో తోడినట్టు మట్టి పచ్చిగా ఉంది, అంచుల వెంట వేళ్ళ గీతలున్నాయి. మొదటి దానికంటే బాగా పొట్టిది. సన్నది.

నవీన్‌బాబు వంగి చూశాడు. "ఆమనక్క నిన్న తవ్విందేమో..." అన్నాడు. ఆ పలక లేపడానికి ఇప్పుడు ఇద్దరు కూలీలు కావాల్సొచ్చిందన్న సంగతి అతనికీ తెలుసు.

వీరరాఘవయ్యగారు ఆ గుంటని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. తర్వాత తలెత్తి, దూరంగా నిలబడ్డ యామినిని తల నుంచి పాదాల దాకా ఒక్కసారి చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నారు.