దీపాల పడవలో పోయిన నాలుగు నిమిషాలు

"మా ముసలాయన్ని ఎవరో తీసేశారమ్మా!"

బందరులోని డిటెక్టివ్ హిమబిందు ఆఫీసులో అడుగుపెడుతూనే తాతమ్మ అనే ముసలావిడ వేసిన కేకకి, శోభనాద్రి టీ గ్లాసు పక్కన పెట్టేసి కాగితం, కలం అందుకున్నారు. తను నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేశాక ఆయన హిమబిందుకి సహాయకుడిగా చేరి ఆరేళ్లయింది. వయసులో తనకన్నా పాతికేళ్లు చిన్నదైనా, ఆమె తెలివి మీద ఆయనకి గొప్ప గురి.

"ఎక్కడి నుంచి తీసేశారమ్మా?" అంది హిమబిందు.

"టీవీలోంచి!"

వెంట వచ్చిన మనవరాలు శ్రీదుర్గ సంగతి వివరించింది. వాళ్లది దివిసీమలో సముద్రపు ఒడ్డు పల్లె. పాతికేళ్ల కిందట గుడివాడ లోకల్ చానెల్ వాళ్లు ఆ ఒడ్డునే 'దీపాల పడవ' అని దీపావళికి ఒక టెలీఫిల్మ్ తీశారు. అందులో నాలుగు నిమిషాల సీనులో పడవ నడిపినవాడు తాతమ్మ భర్త సూరయ్య. తర్వాత రెండేళ్లకి ఆయన సముద్రంలో చేపల వేటకెళ్లి మళ్లీ రాలేదు. ఆయనది ఒక్క ఫోటో కూడా లేదు. ఏటా దీపావళి సాయంత్రం చానెల్ వాళ్లు ఆ ఫిల్మ్ మళ్లీ వేస్తారు. ఈ ఏడు వేశారు గానీ, ఆ సీను లేదు.

"ఇన్నేళ్లలో ఫోన్లో తీసుకోలేదా?"

"ఏడాదికోసారి వస్తాడుగా, ఎక్కడికి పోతాడ్లే అనుకున్నానమ్మా," అంది తాతమ్మ.

హిమబిందు శ్రీదుర్గ వైపు తిరిగింది. "ఈసారి యాడ్లు ఎక్కువేశారా?"

"లేదండీ. ఫిల్మ్ తొందరగా అయిపోతే, మిగిలిన టైముకి భక్తిపాటలు వేశారు."

"పోయినేడు ఆ సీను బాగానే వచ్చిందా?"

"తాతయ్య బాగానే కనపడ్డాడండీ. పడవలో దీపం పెట్టే ఆవిడ ఇటు తిరిగినప్పుడు మాత్రం బొమ్మంతా తెల్లచారలు. మాట వినపడుతూనే ఉంది. కేబుల్ కంప్లయింటేమో అనుకున్నాం."

మర్నాడు పెడన మీదుగా గుడివాడ వెళ్తుంటే బస్సులో శోభనాద్రి తేల్చేశారు. "చానెల్ ఓనరేనండీ. యాడ్ల కోసం కోసుంటాడు."

"యాడ్ల కోసం కోసినవాడు ఊరికే పాటలు వేస్తాడా మాస్టారూ?"

శోభనాద్రి కాగితం మీద ఓనరు పేరు కొట్టేశారు.

ఓనరు నితిన్ కుర్రవాడు. "సీను లేదని నాక్కూడా ఫోన్లొచ్చాకే తెలిసింది మేడమ్. క్యాసెట్ల సంగతంతా పెద్దిరాజు గారే చూస్తారు," అన్నాడు. అతని ఎదుట, సీను పోయిందని కబురందుకుని చల్లపల్లి నుంచి వచ్చిన దర్శకుడు ధర్మారావు మండిపడుతున్నారు. "నా ఫిల్మ్ మొత్తానికి ప్రాణం ఆ సీనేనండీ! దీపం పెట్టిన కృపావతి ఎంత బాగా చేసిందో! పాపం, ఆ అమ్మాయి కూడా రెండేళ్ల కిందట పోయింది."

లోపలి గదిలో పెద్దిరాజు పాత క్యాసెట్లు తుడుస్తున్నారు. యాభై దాటిన మనిషి. "టేపు పాడైందండీ, అందుకే తీసేశాను," అని తల దించుకున్నారు. హిమబిందు క్యాసెట్ ప్లేయర్ని పరిశీలనగా చూసింది. మీటల మీది గుర్తులన్నీ చక్కగా ఉన్నాయి. బొమ్మని ఆపే మీట మీద మాత్రం గుర్తు పూర్తిగా అరిగిపోయింది. పక్కనే స్టీలు క్యారేజీ. మూత మీద పేరు చెక్కించి ఉంది: కృప.

ఆ మధ్యాహ్నానికే హిమబిందు తాతమ్మనీ శ్రీదుర్గనీ పిలిపించి, అందరినీ నితిన్ గదిలో కూర్చోబెట్టింది.

"సీను తీసింది డబ్బు కోసం కాదు, మిగిలిన టైముకి పాటలేశారు. ధర్మారావు గారి చేతికి క్యాసెట్ అందదు. ఇక పోయినేడు చారలు పడ్డది ఆ ఒక్క ముఖం కనపడేచోటే, మాట చెడలేదు. మామూలుగా అరిగిన టేపు అలా ఉండదు. బొమ్మని ఒకేచోట గంటల తరబడి ఆపి ఉంచితే, అక్కడ మాత్రమే టేపు అరుగుతుంది, ఆపే మీట మీది గుర్తూ అరుగుతుంది. ఆ ముఖం ఎవరి మనిషిదో క్యారేజీ మూత చెప్పింది. కృపావతి గారు మీ భార్య కదూ, పెద్దిరాజు గారూ?"

పెద్దిరాజు కళ్లు ఒత్తుకున్నారు.

"ఇంట్లో రెండు ఫోటోలున్నాయండీ. రెంటిలోనూ తలొంచుకునే ఉంది. కళ్లెత్తి చూసింది ఇక్కడొక్కచోటే. రోజూ కాసేపు ఆపుకుని చూసేవాణ్ణి. ఈ ఏడు చూస్తే ముఖమే మిగల్లేదు. నేనే చెరిపేశానని నలుగురికీ తెలుస్తుందని సిగ్గేసి, సీనంతా తీసేశాను." తాతమ్మకి చేతులు జోడించారు. "మీ ఆయనున్న ముక్క బాగానే ఉందమ్మా. తప్పయిపోయింది."

తాతమ్మ ఆయన్నే తేరిపార చూసింది. "ఆ రోజు షూటింగులో లైటు పట్టుకుని నిలబడ్డది నువ్వేనా?"

"అవునమ్మా."

"పడవెక్కడానికి భయపడి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఆ లైటబ్బాయి ఎవరక్కా, పెళ్లయిందా అని నన్నడిగింది!"

పెద్దిరాజు తెల్లబోయారు. "మాది మా మావయ్య కుదిర్చిన సంబంధమమ్మా."

"ఆ పిల్ల కుదర్చమంటేనే కుదిర్చుంటాడు."

"అందుకా!" అని ధర్మారావు నెత్తి కొట్టుకున్నారు. "కెమెరా పక్కన లైటు వైపు చూడొద్దని ఎంత చెప్పినా చూసింది. ఆ పూట తిట్టాను కూడా!"

అంత ఏడుపులోనూ పెద్దిరాజుకి నవ్వు ఆగలేదు.

ఆదివారం సాయంత్రం చానెల్లో 'దీపాల పడవ' మళ్లీ వేశారు, ఏమీ కోయకుండా. తాతమ్మ ఇంట్లో టీవీ ముందు హిమబిందు, శోభనాద్రి, పెద్దిరాజు చాప మీద కూర్చున్నారు. శ్రీదుర్గ ఫోన్లో రికార్డు చేస్తోంది. సూరయ్య తెడ్డు వేస్తూ వచ్చాడు. తాతమ్మ కళ్లారా చూసుకుంది. తర్వాత తెరంతా తెల్లచారలు కమ్మాయి. పెద్దిరాజు తల దించుకోబోతుంటే ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఇటు చూడు తమ్ముడూ. ఇప్పుడు నిన్నే చూస్తోంది."