చీమలు వదిలిన సింహాసనం

మణిదుర్గం రాజ్యంలో పట్టాభిషేకం జరిగిన నాటి నుంచి రాజు పాదం నేలను తాకకూడదు. పడకగది నుంచి కొలువుకూ, కొలువు నుంచి భోజనశాలకూ పల్లకీలోనే వెళ్ళాలి. రాణికీ అదే నియమం. అది గొప్ప గౌరవమని అందరూ అనుకునేవారు.

రాజు విక్రాంతసేనుడు మంచివాడు. కానీ కొన్నాళ్ళుగా ఆయన కూర్చున్న చోటికల్లా చీమలు బారులు తీరుతున్నాయి. ఆయన నెత్తురు బెల్లం పాకంలా తియ్యనైపోయింది. చూపు మసకబారింది. కాలి మీద చిన్న పుండు ఎంతకీ మానడం లేదు. కిందటేడు రాణి ఇలాగే నీరసించి కన్నుమూసింది. ఆమె గదిలో ఇప్పుడెవరూ దీపం పెట్టరు.

"ఇది శాపం" అన్నాడు ఆస్థాన వైద్యుడు. "శ్వేతగిరి శిఖరం మీద తీపిని కాల్చే నిప్పు ఉందట. రాజవంశంలో పుట్టినవారే దాన్ని తేవాలి."

రాజుకు ఒక్కతే కూతురు, వకుళ. పట్టం కట్టుకోలేదు గనుక ఆమె నడవవచ్చు. అయినా ఉద్యానవనం దాటి ఎన్నడూ నడిచి ఎరగదు. నిప్పు తేవడానికి మట్టికుండ పట్టుకుని పల్లకీ ఎక్కింది. అడవిలోకి వెళ్ళేసరికి దారి ఇరుకైపోయింది.

"ఇక్కడి నుంచి పల్లకీ పట్టదమ్మా" అన్నాడు బోయీల పెద్ద ఓబన్న.

వకుళ దిగి నడిచింది. కాసేపటికే ఆయాసంతో కూలబడింది. అప్పుడొక ఎలుగుబంటి ఎదురొచ్చి పకపకా నవ్వింది.

"రాజుగారి పిల్లవా? అప్పుడే పుట్టిన లేగదూడలా వణుకుతున్నావే! నా గుహకు తలుపు లేదు. ఈ బండను పైనున్న గుహ వాకిటి దాకా దొర్లిస్తే దారి వదులుతాను."

"నా వల్ల కాదు."

"అయితే కూర్చో. చీమలు నీ దగ్గరికీ వస్తాయి."

వకుళకు తండ్రి పుండు గుర్తొచ్చింది. లేచి బండను తోసింది. అది జారింది. మళ్ళీ తోసింది. రోజులు గడిచాక బండ గుహ వాకిట నిలిచింది. ఆ రాత్రి ఆమెకు పట్టిన నిద్ర రాజభవనంలో ఎన్నడూ పట్టలేదు.

ఏటి ఒడ్డున ఒక రాక్షసి రోట్లో కొర్రలు దంచుతోంది.

"నాతో సమంగా దంచితే ఏరు దాటిస్తా. ఓడితే నిన్నే దంచి తింటా!"

"ఇవాళ సగం దంచుతాను. రేపు ఇంకొంచెం. సమానమయ్యేదాకా ఆగరాదూ?"

"బేరమాడే తిండిని ఇప్పుడే చూస్తున్నానే!" అని రాక్షసి విరగబడి నవ్వి ఒప్పుకుంది. కొంతకాలానికి రెండు రోకళ్ళూ ఒకే లయలో పడ్డాయి. రాక్షసి ఆమెను భుజం మీద ఎక్కించుకోబోయింది. వకుళ వద్దని, ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ళలో నడిచే దాటింది.

శిఖరం మీద ఒక ముని ఉన్నాడు. ఆయన గుహలో మాత్రం చల్లటి బూడిద కూడా లేదు.

"స్వామీ, నిప్పేదీ?" అంది వకుళ, ఖాళీ కుండ చూపిస్తూ.

"పిక్క మీద చెయ్యి పెట్టుకో తల్లీ. వెచ్చగా లేదూ? కండకు తలుపులుంటాయి. కదలనివాళ్ళకు అవి బిగుసుకుపోతాయి. తీపి లోపలికి పోలేక నెత్తురులోనే నిలిచిపోతుంది. పనిచేసే కండ తన తలుపు తానే తీసి, తీపిని లోపలికి లాక్కుని కాల్చుకుంటుంది. పని ఆగిపోయాక కూడా ఆ తలుపు వెంటనే మూసుకోదు. కాలేయానికీ గుండెకూ మెదడుకూ కబుర్లు పంపుతుంది. ఎంత తెలివైన కొలువు కూటమో చూడు, మన శరీరం!"

"కొంచెం ఈ కుండలో ఇవ్వండి."

"కుండలో నిలవదమ్మా. ఎవరి నిప్పు వారే రాజేసుకోవాలి."

వకుళ ఖాళీ కుండతో తిరిగొచ్చి, విన్నదంతా కొలువులో చెప్పింది. మంత్రి అదిరిపడ్డాడు.

"రాజపాదం నేలను తాకితే అరిష్టం!"

వకుళ పల్లకీ దగ్గరికి వెళ్ళింది.

"నాన్నగారూ, అమ్మ చివరిసారి కూడా నలుగురి భుజాల మీదే వెళ్ళింది. మీరు దిగండి."

రాజు ఓబన్నను చెప్పులు అడిగాడు. ఓబన్న తన చెప్పులు విప్పి, వాటి మీద మెత్తటి గుడ్డ పరిచి, పుండు ఒరుసుకోకుండా తొడిగాడు. కూతురి చెయ్యి పట్టుకుని రాజు ద్వారం దాకా నడిచాడు. మరునాడు తోట దాకా వెళ్ళాడు. తొందరపడలేదు, నడక మానలేదు. పోయిన చూపంతా తిరిగి రాలేదు గాని, కొన్నాళ్ళకు పుండు మానింది.

వకుళ పట్టాభిషేకానికి తండ్రీ కూతుళ్ళు వీధుల వెంట నడిచి వచ్చారు. సభ మధ్యలో ఒక చీమల బారు కనబడింది. జనం ఊపిరి బిగపట్టారు. చీమలు రాజు పాదాల పక్కనుంచే సాగి, ఆయన వైపు తిరగకుండా, లడ్డూల పళ్ళెం వైపు వెళ్ళిపోయాయి.

ఆ సాయంత్రం రాజు తానే నడిచి వెళ్ళి, రాణి గదిలో దీపం పెట్టాడు.