ఒంట్లో తుఫాను గంట

నీలాలపాలెం రేవులో తెల్లారగానే ఎవరూ ఆకాశం వంక చూడరు. నూకరత్నం గుమ్మం వంక చూస్తారు.

"ఏటొదినా, ఈయేల ఎలాగుంది?" పడవ బ్యాటరీ భుజాన వేసుకుని వెళుతూ అడిగాడు దానయ్య.

"మెడ పట్టీసింది. చేతేళ్ళు మంటలు. రోజూ ఉన్నదేలే."

"రోజూ ఉన్నదేనా? అయితే ఎల్లొచ్చురోయ్!" అని వెనకవాళ్ళకి కేకేశాడు. పడవలు సంబరంగా నీళ్ళలోకి జారాయి. నూకరత్నం మణికట్టు బ్యాండు మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

2074 నాటి మాట ఇది. సముద్రం బాగా వేడెక్కాక తుఫానులు రోజుల తరబడి ముసురుకోవడం మానేశాయి. ఉపగ్రహాలు పసిగట్టేలోపే పుట్టి మీద పడుతున్నాయి. "కీళ్ళు లాగుతున్నాయి, వాన పడుతుందిరా" అని పాతకాలం ముసలమ్మలు అనేవారు కదా, శాస్త్రవేత్తలు చివరికి ఆ మాట దగ్గరికే వచ్చారు. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళకి కండరం చెడిపోదు, ఎముక విరగదు. కానీ నాడులు ప్రతి చిన్న కబురునీ మెదడుకి కేకలు పెట్టి చెబుతాయి. గాలి పీడనంలో యంత్రాలకి అందని మార్పు కూడా కొందరి ఒంటికి అందుతుంది. ఆ కేకల్ని మణికట్టు దగ్గర విని రేవు సైరన్‌కి చేరవేసే న్యూరో బ్యాండే నాడీశ్రోత.

ఆ బ్యాండు రాకముందు ఈ జబ్బుతో నూకరత్నం బతుకు వేరు. చీర కుచ్చిళ్ళు ఒరుసుకున్నా ఒళ్ళు భగ్గుమనేది. టీ గిన్నె దింపలేక పొయ్యి దగ్గరే నిలబడిపోయేది. రాత్రంతా పడుకున్నా రాళ్ళు మోసి లేచినట్టుండేది. స్కానింగుల్లో ఏమీ కనపడేది కాదు. "రిపోర్టుల్లో నేని రోగం నీ నోట్లో ఎలాగున్నాదే?" అనేది అత్త అప్పలకొండమ్మ.

నాడీశ్రోత కట్టిన ఏడాదే, మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద దీపం ఎర్రబడింది. నూకరత్నం గుమ్మంలో ముడుచుకుపోయి అరిచింది. సైరన్ మోగింది, పడవలన్నీ వెనక్కొచ్చాయి. మధ్యాహ్నానికి సముద్రం రేవు గోడ దాటింది. ఆ సాయంత్రం అప్పలకొండమ్మ ఇసక వేయించి, మూట కట్టి, కోడలి వీపుకి మొదటిసారి కాపడం పెట్టింది. నూకరత్నం వెక్కివెక్కి ఏడ్చింది. నొప్పి తగ్గి కాదు, నమ్మినందుకు.

అప్పట్నుంచి ఆమెకి ఊళ్ళో లోటు లేదు. వలలో పడిన మొదటి చేప ఆమె ఇంటికే. కూతురు జలజ బడికి వెళుతుంటే పెద్దవాళ్ళే దారిచ్చేవారు. నొప్పి మాత్రం ఏటికేడు ముదిరింది.

ఆ రోజు బ్యాండు తనిఖీకి పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ తబస్సుమ్ వచ్చింది. కొత్తగా చేరిన మనిషి.

"నాడీశాంతి పట్టీ వచ్చి రెండేళ్ళయింది కదమ్మా. మెడ వెనక అంటిస్తే నాడుల అరుపు ఆగిపోతుంది. మీరెందుకు పేరివ్వలేదు?"

"ఇత్తనే ఉన్నానమ్మా. నా వంతు రానేదు."

డాక్టర్ ఆమె చేతికున్న బ్యాండు మూత తెరిచి చూసింది. "మీ వంతు ఎప్పుడో వచ్చింది. ఊరే వద్దంది. నాడులు నెమ్మదిస్తే దీనికి వినడానికేమీ ఉండదు." గొంతు తగ్గించింది. "ఇది వినడం ఒక్కటే చెయ్యట్లేదు కూడా. దూరపు స్టేషన్ పట్టడానికి రేడియో సౌండు పెంచుతామే, అలా మీ నొప్పిని పెంచి వింటోంది. ఇంకొంచెం ముందుగా తెలియాలని ఊరు అడిగితే మావాళ్ళే మార్చారు. ఇంటి పెద్ద ఒప్పుకుంటేనే మారుస్తారు."

"ఎవులొప్పుకున్నారు?"

డాక్టర్ పొయ్యి వంక చూసింది. అక్కడ ఇసక వేయిస్తున్న అప్పలకొండమ్మ చేతిలో గరిటె ఆగింది.

"నువ్వేనా, అత్తా?"

"నానే." ముసలామె ఇటు తిరగలేదు. "నా కొడుకు నడిసంద్రంలో ఉంటాడు. ఈ ఊరి మొగోళ్ళందరూ ఉంటారు."

"నా నొప్పి అబద్ధమన్నావు గదా!"

"అప్పుడు నమ్మనేదు. నమ్మినాకే గదమ్మా ఒప్పుకున్నాను."

డాక్టర్ లేచింది. వెళుతూ వెళుతూ నూకరత్నం అరచేతిలో ఒక పట్టీ పెట్టి, వేళ్ళు మూసింది. "నేనివ్వకూడదు. అయినా ఇస్తున్నాను."

"అంటించుకో," అంది అప్పలకొండమ్మ. "నానడ్డు రాను."

అంటించుకుంది. టీ గిన్నె ఒంటిచేత్తో దింపింది. చీర ఒంటిమీద ఉందన్న సంగతే తెలియలేదు. ఆరిపోయిన బ్యాండు విప్పి గూట్లో పెట్టి, చిన్నపిల్లలా నిద్రపోయింది.

తెల్లారింది. పడవలు ఒడ్డునే ఉన్నాయి. నూకరత్నం నవ్వుతూ గుమ్మంలోకి వచ్చింది. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. దానయ్య ఖాళీ మణికట్టు చూసి మొహం తిప్పుకున్నాడు. "పోన్లేమ్మా, తగ్గింది," అని వెనక నుంచి ఎవరో అన్నారు, పరామర్శకి వచ్చినట్టు.

అంతలో జలజ పిక్కలు పట్టుకుంటూ బయటికొచ్చింది. "అమ్మా, కాళ్ళు లాగేత్తన్నాయే."

ఇంకో ఊళ్ళో అయితే, ఎదిగే పిల్లకి మామూలేలే అనేవారు. ఇక్కడ రేవంతా ఒక్కసారిగా జలజ వైపు తిరిగింది. దానయ్య బ్యాటరీ కిందికి దించాడు.

అప్పలకొండమ్మ వచ్చి మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఇసక మూట వేడిగా సిద్ధంగానే ఉంది.

"ఎక్కడమ్మా? ఎప్పట్నుంచి?"

ఈ రెండు ప్రశ్నల కోసమే నూకరత్నం ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. అత్త గొంతులో నటన ఏమాత్రం లేదు. అందుకే నూకరత్నానికి భయం వేసింది. ముసలామె చెంగులోంచి బ్యాండు తీసింది. రాత్రి గూట్లో పెట్టినదే. చిన్న మణికట్టుకి సరిపోయేలా దానికి కొత్త చిల్లు పొడిచి ఉంది.

"ఇటియ్యి!" నూకరత్నం మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి పట్టీ పీకిపారేసింది. బ్యాండు లాక్కుని తన చేతికే బిగించుకుంది. నిప్పులు పోసినట్టు నొప్పి తిరిగొచ్చింది. దీపం ఆకుపచ్చగా వెలిగింది.

"ఎల్లొచ్చురోయ్!" దానయ్య బ్యాటరీ భుజానికెత్తుకున్నాడు. పడవలు నీళ్ళలోకి జారాయి.

అప్పలకొండమ్మ మాత్రం మనవరాలి పిక్కల మీద కాపడం ఆపలేదు. "ఇంకెక్కడమ్మా?" అని మెల్లగా, ప్రేమగా అడుగుతూనే ఉంది.