తెల్లగొంతు వాలు

నారిన్ పైకొండల్లో తెల్లగొంతు వాలు పేరెత్తితే కాపరులు తాగుతున్న టీ కింద పెట్టేస్తారు. అక్కడ మంచు కిందనుంచి ఎవరో పిలుస్తారట. అదీ మనకు బాగా తెలిసిన గొంతుతో... పలికావో, పోయావే!

దెయ్యం మాట అటుంచండి, వాలు కూడా మంచిది కాదు. గాలి మోసుకొచ్చిన మంచు పైన చూరులా వేలాడుతుంటుంది. అందుకే దాన్ని ఎండ తగలకముందే దాటాలి. ఒక్కొక్కరుగా, నడికట్టు వదులు చేసుకుని, వెనకాల ఎర్ర ఉన్నితాడు ఈడ్చుకుంటూ దాటాలి. మనిషిని మంచు మింగినా తాడు కొస పైన కనబడుతుందని ఆశ. తేలికపాటి మనిషి ముందు నడవాలి. ఇది కొండ నియమం.

కానీ ఇంటికీ ఒక నియమం ఉందిగా! కోడలు మామగారి ముందు నడవకూడదు, ఆయన పేరు పలకకూడదు. ఊల్కాన్ అనే ఓ కోడలి మామగారి పేరు తెమిర్‌కుల్. తెమిర్ అంటే వాళ్ళ భాషలో ఇనుము. పాపం, కాపురానికొచ్చిన నాటినుంచీ ఆవిడ ఇనుమును కూడా 'గట్టిది' అనే అనేది. "ఒసేయ్, గట్టిదాని మీద రొట్టె మాడుతోంది చూడు!" అని మొగుడు ఆటపట్టించేవాడు.

ఆ చలికాలం వాలుకు అవతల గొర్రెల దొడ్డిలో ఉన్న ఆ మొగుడికే పిండి నిండుకుంది. మామా కోడలూ చెరో మూటా కట్టుకుని, ఇంకా చీకటుండగానే బయల్దేరారు.

వాలు అంచున ఊల్కాన్ ఆగింది. "మామా, రాత్రి వెచ్చగాలి వీచింది. నేను తేలిక. ముందు నన్ను పోనివ్వండి."

"నా ముందు నడుస్తావా? నలుగురూ వింటే నా గడ్డం గొరిగిస్తారు!" ముసలాయన నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అవతలి ఆ బండ చేరి టార్చి ఊపుతాను. అప్పుడు రా. ఈలోగా ఎవరు పిలిచినా పలక్కు."

వెలుగు చిన్నదవుతూ పోయింది... ఇంకా చిన్నదయింది... సరిగ్గా నడిమధ్యకు వెళ్ళేసరికి దబ్బుమని ఒక చప్పుడు. పెద్దదేమీ కాదు. చెవికంటే ముందు కడుపుకు తగిలే చప్పుడు.

వాలంతా కదిలింది.

వెలుగు లేదు.

మంచు సద్దుమణిగాక ఆవిడ పరుగెత్తింది. "మామా!"

"ఇక్కడ... తల్లీ..."

ఆయన గొంతే. పైనుంచి! ఆయన చెప్పిన మాట మరిచిపోయి ఆవిడ పైకి పాకింది, వట్టి చేతులతో తవ్వింది. మంచు... మంచు... మంచే.

"మామా, ఎక్కడ?"

"ఇంకొంచెం పైకి..."

"వస్తున్నా, వస్తున్నా!"

మంచు కింద మనిషికి టీ నీళ్ళు మరిగేంతసేపే ఊపిరి అంటారు. ఆవిడ వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఎక్కడ తవ్వినా పిలుపు మాత్రం ఇంకొంచెం పైనే. తలెత్తి చూసింది. ఇంకా జారని చూరు సరిగ్గా నెత్తిమీదే వేలాడుతోంది...

అప్పుడు పుట్టింది అనుమానం. పిలుస్తున్నది ఆయనేనా? మనిషైతే తన పేరుకు పలుకుతాడు. కానీ నోరు పెగలదే! చివరికి పాపం తగిలితే తగిలిందనుకుని కళ్ళు మూసుకుంది.

"తెమిర్‌కుల్!"

పిలుపు ఆగిపోయింది.

ఆవిడ నాలుగు పక్కలా మంచుకు చెవి ఆనించి చూసింది. ఊల్కాన్ ఉన్నచోటే కూలబడింది. అంత వాలులో ఎక్కడని తవ్వుతుంది? ఎవరిని కేకేస్తుంది? మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తెల్లవారడం చూస్తూ కూర్చుంది. అంతకంటే చెయ్యగలిగింది లేదు.

అప్పుడు దిగువన కనిపించింది, జానెడు ఎర్రతాడు. తను మొట్టమొదట నిలబడి పిలిచిన చోటికి రెండడుగుల దూరంలోనే!

ముసలాయన ముఖం బయటపడేసరికి నీలంగా ఉంది. మోచేతులు మొహానికి అడ్డం పెట్టుకోవడంతో గుప్పెడు గాలి మిగిలిందంతే. రుద్దగా రుద్దగా ఊపిరి కదిలింది.

"తప్పయింది మామా, పేరు పెట్టి పిలిచాను," అని ఆవిడ భోరుమంది.

"విన్నాను. నా మీదనుంచి నీ అడుగులు పోవడమూ విన్నాను. గొంతు చించుకుని అరిచాను తల్లీ... నీకు వినపడలేదు."

"వినపడింది మామా! పైనుంచి మీరే కదా పిలిచారు—"

ముసలాయన ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పైనుంచి కాదే... అది నా పక్కనే పడుకుని పిలిచింది."