తరవాణి పోసిన చోటు

తుమ్మపాల దారిలో, త్రినాధరావు గారి మల్లెతోట చివర ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి చాలా చెడ్డ పేరు. ఎండలకు తోటంతా నెర్రెలు విచ్చినా, ఆ షెడ్డు గుమ్మం ముందు మాత్రం నేల తడిసే ఉండేదట. ఎవరూ నీళ్లు పోయరు... అయినా తడి. చీకటి పడితే పూలు కోసేవాళ్లెవరూ ఆ వైపు అడుగు వేసేవారు కారు.

ఈ వృత్తాంతం నాకు చెప్పినవాడు అఫ్జల్. అనకాపల్లిలో కరెంటు సామాన్ల దుకాణం నడుపుతూ, ఇళ్లకు వైరింగు పనులు కూడా చేస్తాడు. ఇందులో అతడు కళ్లారా చూసినది కొంతే. తక్కినది కాసులమ్మ చెప్పగానూ, నూకరత్నం చెప్పగానూ విన్నది. వాళ్లిద్దరి మాట ఒకచోట కలవదు. ఆ సంగతి అతడు దాచలేదు. నేనూ దాచను.

కాసులమ్మ కూతురు గంగాభవాని ఆ తోటలో కూలికి వెళ్లేది. ఒక వేసవి సాయంత్రం మొక్కలకు నీళ్లు పెట్టి, తడిచేత్తో షెడ్డు ఇనుప తలుపు పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి మళ్లీ ఊడిరాలేదు.

తోటలోని ఇంటి నుంచి షెడ్డుకు లాగిన తీగ తొడుగు చిరిగి తలుపుకు ఆనుతోంది. త్రినాధరావు ముందు ఇంట్లో మెయిన్ ఆపాడు. తర్వాతే నలుగురినీ పిలిచాడు.

"ఎండదెబ్బ," అన్నాడు. ఊళ్లో ఆ మాటే చెల్లింది.

శవానికి స్నానం చేయిస్తూ కాసులమ్మ కూతురి అరచెయ్యి విప్పి చూసింది. అడ్డంగా నల్లటి చార. ఎండకు అలాంటి చార పడదని ఆమెకు తెలుసు. చెబితే వినే నాథుడు లేడు.

"ఆడి సేతికీ ఈ సార పడాల," అనుకుంది. "అది సూసే నాను సత్తాను."

పగలంతా ఎండలో పనిచేసిన బిడ్డ దాహంతోనే పోయింది; దాహంతో పోయినవాళ్లు పోయిన చోటే కాచుకుని ఉంటారని ఆమె నమ్మకం. పులిసిన గంజినీళ్లు, ఉప్పేసిన తరవాణి అంటే గంగాభవానికి ప్రాణం. అందుకని రోజూ మసకచీకటి వేళ కంచె సందులోంచి దూరి, కూతురు పడిపోయిన చోట చెంబెడు తరవాణి పోసి వచ్చేది. పోసినప్పుడల్లా రేకుల వెనక నుంచి—

"అమ్మా... ఇంకొంచెం..."

మరుసటి వేసవిలో షెడ్డులో దీపం మిణుకుతోందని త్రినాధరావు అఫ్జల్‌ను పిలిపించాడు. అఫ్జల్ తీగ చూశాడు, తలుపు చూశాడు, గుమ్మం ముందు వంగి నేల తడిమాడు.

"సార్, కరెంటు ఇప్పటికీ తలుపుకి దిగుతోంది. ఎర్తు కడ్డీ పాతింది ఇక్కడే, ఈ తడి కిందే. ఈ తడి ఉండబట్టి కరెంటంతా భూమిలోకి పోతోంది. తడి ఆరితే తలుపు మనిషిని పట్టేస్తుంది."

"ఇప్పుడేటి సెయ్యమంటావు?"

"కేబులు మార్చాలి. ఎర్తు గుంట కొత్తగా తవ్వి ఉప్పూ బొగ్గూ వెయ్యాలి. లీకైన క్షణంలో లైను కొట్టేసే ట్రిప్పు స్విచ్ పెట్టాలి."

త్రినాధరావు గొంతు తగ్గించాడు. "ఇప్పుడు బాగుచేయిస్తే... అప్పుడు పాడై ఉందని నేనే ఒప్పుకున్నట్టు కాదేటయ్యా? ఏమీ వద్దు. దీపం ఒక్కటే చూసిపో."

కంచె అవతల చెంబుతో నిలబడిన కాసులమ్మ ఇదంతా విన్నది.

ఇన్నాళ్లూ తను పోసిన తరవాణే... వాడి ప్రాణానికి కాపలా కాసింది!

చెంబులోది అక్కడికక్కడే దుబ్బుల్లో ఒంపేసింది. రేకుల వెనక నుంచి పిలుపు వచ్చింది. "అమ్మా... దాహం..."

"ఓర్సుకో, తల్లీ," అంది పళ్లు బిగించి. "కొన్నాల్లు ఓర్సుకో."

రోజూ వచ్చేది, వట్టిచేతులతో. రోజూ ఆ పిలుపు వినేది. అయినా చుక్క పొయ్యలేదు. గుమ్మం ముందు నేల తెల్లబడింది. తర్వాత బీటలు తీసింది.

ఒకనాడు చీకటి పడుతుండగా మనిషి అలికిడైంది. కాసులమ్మ ఊపిరి బిగబట్టింది. వచ్చినది త్రినాధరావు కాదు. తోటపనికి కొత్తగా కుదిరిన నూకరత్నం. పాదాలు తడి, చేతులు తడి... ఆ చెయ్యి తలుపు మీదికి పోతోంది.

"ఒలే పిల్లా! ముట్టకే!"

నూకరత్నం ఉలిక్కిపడి వెనక్కి గెంతింది. కేక విని త్రినాధరావు ఇంట్లోంచి వచ్చాడు.

"ఏటే ముసిల్దానా, నా పనోల్లని బెదరగొడుతున్నావా?"

"ఆ తలుపులో ఏటుందో నీకు తెల్దా, బాబూ?"

"ఏటుంది? దెయ్యముందా?" నూకరత్నం వైపు తిరిగి నవ్వాడు. "సూడమ్మాయ్, ఇదిగో..."

గుమ్మం ముందు తడి ఎప్పటిలాగే ఉందన్న ధీమాతో, చెప్పులు లేని కాళ్లతో నిలబడి, తలుపు గొళ్లెం పిడికిట పట్టుకున్నాడు.

నవ్వు సగంలో తెగింది. పిడికిలి విడలేదు.

మెయిన్ ఆపడానికి నూకరత్నం కాసులమ్మ ముందునుంచే ఇంటివైపు పరుగందుకుంది. అప్పుడు వినిపించింది, మెత్తగా—

"కదలకు."

నూకరత్నం కాళ్లు నేలకు అంటుకుపోయాయి. షెడ్డులో దీపం ఒక్కసారి వెలిగి, ఆరింది.

జనం పోగయ్యాక, ఏమైందని ఎవరో కాసులమ్మను అడిగారు.

"ఎండదెబ్బ, నాయనా," అంది.

త్రినాధరావు గారు ఆసుపత్రి దాకా వెళ్లలేదు. ఆయన వారసులు అఫ్జల్ చేత కేబులు మార్పించారు, గుంట తవ్వించారు, ట్రిప్పు స్విచ్ పెట్టించారు. ఇప్పుడా తలుపును పసిపిల్లలు పట్టుకున్నా ఏమీ కాదు. అయినా ఎవరూ పట్టుకోరు. నూకరత్నం పని మానేసి కోటవురట్లలో పుట్టింటికి చేరింది. కాసులమ్మ ఉంది. తరవాణి పొయ్యడం మానేసింది. అడిగే గొంతు మళ్లీ వినపడలేదట.

ఇక వాళ్లిద్దరి మాట కలవనిది ఎక్కడో చెబుతాను.

"కదలకు" అన్నది తన కూతురేనని, తన వెనక నిలబడి అన్నదని కాసులమ్మ చెబుతుంది.

నూకరత్నం ఒప్పుకోదు. "ఆమె ఎనకాల ఎవులూ నేరు బాబూ. ముసలమ్మ పెదాలు కదలడం నాను సూసేను. ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది..." అని ఆగి, చుట్టూ చూసి, అఫ్జల్ చెవి దగ్గరగా చెప్పిందట—

"గొంతు మాత్రం పడుసుపిల్లది."