దూరంగా చూడమన్నారుగా

“కళ్ళద్దాల షాపుకొస్తే కొత్త కళ్ళద్దాలు వద్దంటారేంటండీ?”

“పవర్ పెరగలేదు కాబట్టి,” అంది ఆ అమ్మాయి, కళ్ళు పరీక్షించే మెషిన్ వెనక నుంచి తలెత్తకుండానే. “రోజంతా ఏం చూస్తుంటారు?”

“పెళ్ళి వీడియోలు. ఎడిటర్ని.”

“ఇంటికెళ్ళాక?”

“ఫోను.”

“సెలవొస్తే?”

“మాల్‌కెళ్తాను. అవసరం లేనివేవో కొనుక్కొస్తాను.”

“ఈసారి సెలవులు ఇంట్లోనే గడపండి. ఫోనొద్దు, టీవీ వద్దు, మాల్ లైట్లు అసలే వద్దు. కాసేపటికోసారి దూరంగా ఉన్నదేదైనా చూడండి. కళ్ళు వాటంతటవే దారికొస్తాయి.”

షాపు ఓనరు గట్టిగా దగ్గాడు. చేతికొచ్చిన బేరం పోయిన బాధంతా ఆ దగ్గులో ఉంది. ఆమె పట్టించుకోలేదు. ఎడిటర్‌కి ఒళ్ళు మండింది. కానీ అద్దాలు మార్చి మార్చి “ఇలా బావుందా? ఇలానా?” అని అడిగిన గొంతు మాత్రం ఇంటిదాకా అతని వెంటే వచ్చింది.

సెలవులు మొదలైన రోజే ఫోను అమ్మ చేతికిచ్చేశాడు. ఆవిడ దాన్ని పాత టవల్లో చుట్టి బీరువా అడుగున పెట్టింది. మొదటి పూట అతని చెయ్యి పదే పదే జేబులోకి వెళ్ళి ఉత్తినే తిరిగొచ్చింది.

“ఏరా, దురదా?” అంది అమ్మ.

తర్వాత్తర్వాత అలవాటైంది. బఠాణీలు ఒలిచాడు. వాన చప్పుడు వింటూ మధ్యాహ్నం నిద్రపోయాడు. బట్టలు మడతపెట్టేటప్పుడు అమ్మ కూనిరాగం తీస్తుందని ఇన్నేళ్ళకి కనిపెట్టాడు.

సాయంత్రాలు బాల్కనీలో కుర్చీ వేసుకుని దూరంగా చూసేవాడు. దూరమంటే ఎదురింటి మేడ మీద బాల్కనీ, అందులో నాలుగు పూలకుండీలు. ఒకరోజు ఆ కుండీల మధ్య ఒకమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చుంది. కళ్ళు నిజంగానే బాగుపడ్డాయేమో, షాపులో తన కళ్ళు పరీక్షించిన అమ్మాయేనని వెంటనే గుర్తుపట్టాడు. డాక్టరు రాసిన మందు వేళకి మింగినట్టు కాసేపటికోసారి అటే చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె గొడుగుతో గేటు దగ్గర నిలబడింది.

“మా బాల్కనీ వైపు ఎందుకు చూస్తున్నారు?”

“మీరేగా దూరంగా చూడమన్నారు.”

“నన్ను చూడమనలేదు.”

“మీకంటే దూరంగా ఇంకేం కనబడదండీ. మీ వెనకంతా గోడే.”

నవ్వొచ్చింది ఆమెకి. ఆపుకుంది. “రోజంతా జనం ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గర్నుంచి నన్నే చూస్తుంటారు. షాపుకి సెలవున్న ఈ నాలుగు రోజులైనా ఎవరి కంటా పడకుండా ఇంట్లో కూర్చుందామనుకున్నాను. దయచేసి అది చెడగొట్టకండి.”

అతను సిగ్గుతో చచ్చిపోయాడు. అద్దాలు అంటగట్టకుండా తన కళ్ళ గురించి ఆలోచించిన ఒకే ఒక్క మనిషికి తను వెకిలివాడిలా కనబడ్డాడు. ఆమె అలా అనుకుంటూ ఉండిపోతే తట్టుకోవడం కష్టమని అప్పుడే అర్థమైంది.

ఆ సాయంత్రం కుర్చీని తమ ఇంటి గోడవైపు తిప్పేసి కూర్చున్నాడు.

“గోడలో ఏం కనిపిస్తోందిరా?” అంది అమ్మ.

“పరువు.”

లోపల కూర్చోవచ్చుగా అంటే, కూర్చోవచ్చు. కానీ ఆమె కుర్చీ జరిపిన చప్పుడు బాల్కనీలోకైతే వినిపిస్తుంది. వాన వచ్చినా, వెలిసినా, ఎదురుగా ఎవరో దగ్గినా అతను వెనక్కి తిరగలేదు.

సెలవుల చివరి సాయంత్రం. “రేపట్నుంచి డ్యూటీ కదా, ఫోను తెస్తానుండు,” అంటూ అమ్మ లోపలికి వెళ్ళబోతుంటే తలుపు చప్పుడైంది. ఎదురింటమ్మాయి. అమ్మ ఏమీ అడక్కుండా బాల్కనీ చూపించింది.

“ఈ గోడ ఎంత దూరముంది?” అంది ఆమె అతని వెనక నిలబడి.

అతను ఉలిక్కిపడి లేచాడు. “చెయ్యి చాపితే అందుతుంది.”

“మరి కళ్ళకి విశ్రాంతి ఎలా? నా మాట వినేది ఇంతేనా?”

“వినబట్టే ఇటు తిరిగాను.”

“ఒక్కసారైనా వెనక్కి చూస్తారేమోననుకున్నాను. చూడలేదు. దగ్గాను కూడా.” ఆమె కుండీలున్న వైపు చూసింది. “ఎవరూ చూడకపోతే హాయిగా ఉంటుందనుకున్నాను. పుస్తకంలో పేజీ కదిలితే ఒట్టు.”

“అంటే, మీరు నన్ను చూస్తున్నారా?”

“దూరంగా చూడటం నా కళ్ళకీ మంచిదే.”

ఇంతకంటే మంచి సమయం దొరకదని అతనికి తెలుసు. “మీరంటే నాకిష్టమండీ. షాపులో మీ గొంతు విన్నప్పట్నుంచి,” అనేశాడు.

ఆమె బాల్కనీ చివరికంటా వెళ్ళి నిలబడింది. “ఇలా బావుందా?”

తర్వాత పక్కనున్న స్టూలు లాక్కొచ్చి అతని కుర్చీకి ఆనించి కూర్చుంది. “ఇలానా? తొందరేం లేదు, బాగా చూసి చెప్పండి.”

అతను కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఆమె పక్కన కూర్చున్నాడు. “ఇలానే,” అన్నాడు.

అమ్మ టవలు చుట్టతో గుమ్మందాకా వచ్చి, ఆ ఇద్దరినీ చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. లోపల బీరువా తలుపు మూసుకుంది.

“ఏంటా చప్పుడు?” అంది ఆమె.

“మా అమ్మ నా సెలవు పొడిగించింది.”