ఆ ఒక్క ఫోను తప్ప

రాత్రిపూట ఇంట్లోనే ఉండని మనిషికి, ఇంట్లో వైఫై ఆగితే ఏమిటట నొప్పి?

కొన్నాళ్లుగా ఈ ప్రశ్న ఆమె బుర్రను తొలిచేస్తోంది. ఆమె మొగుడు, చిన్నప్పటి నుంచీ బావే కాబట్టి ఇప్పటికీ బావే, లిఫ్టు మెకానిక్కు. ఒక పెద్ద ఆస్పత్రిలో నైట్ డ్యూటీ. చీకటి పడుతుండగా వెళ్తే తెల్లారాక వస్తాడు.

పాత రౌటర్ మాటిమాటికీ మొరాయిస్తుంటే, "ఈసారి రాత్రిళ్లు దానంతటదే ఆగిపోయేది కొందాం బావా" అంది ఆమె.

కారణం లేకపోలేదు. పాప తుమ్మితే చాలు, ఆమె ఫోను అందుకుంటుంది. తుమ్ముతో మొదలైన వెతుకులాట ఏదో నోరు తిరగని జబ్బు దగ్గర తేలుతుంది. పాప హాయిగా నిద్రపోతుంది, తల్లి కళ్లు మాత్రం ఉబ్బుతాయి. ఆమె ఫోనుకు ఇంటి వైఫై తప్ప వేరే దిక్కు లేదు. అదే ఆగిపోతే పీడా పోతుందనుకుంది. ఈ సంగతి బావకు చెప్పడానికి మాత్రం సిగ్గేసింది.

"రాత్రి నెట్ ఉండాలి. అవసరం పడుతుంది" అన్నాడు బావ.

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి."

ఆ ఎవరో ఒకరు ఎవరా అని ఆమెకు అన్నం సయించలేదు.

సెలవు రోజున ఇద్దరూ రౌటర్ల దుకాణానికి వెళ్లారు. బయట సన్నగా వాన. పాప బావ భుజం మీద. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి ఒక పెట్టె తెరిచింది.

"ఇది చూడండక్కా. ఎన్నింటికి ఆగాలో, ఎన్నింటికి రావాలో ఒకసారి చెప్పి పెడితే చాలు, దాని పని అది చేసుకుపోతుంది."

"వద్దులే, రంగు బాలేదు" అన్నాడు బావ.

"అదేమన్నా చొక్కానా, రంగు చూసి కొనడానికి?"

"దానికి యాంటెన్నాలు రెండే ఉన్నాయి."

"నీ తలకి ఒక్కటీ లేదు. పని చేయట్లేదూ?"

కౌంటరు అమ్మాయి నవ్వు దాచుకోవడానికి కిందికి వంగి ఇంకో పెట్టె తీసింది. "పోనీ ఇది చూడండన్నా. ఇంట్లో ఫోన్లన్నిటికీ నెట్ ఆపేసి, కావాలంటే ఒక్కదానికి మాత్రం వదలొచ్చు."

"ఇదే ఇచ్చేయండి" అన్నాడు బావ. రంగు చూడలేదు, యాంటెన్నాలు లెక్కపెట్టలేదు.

ఆమె పెట్టె మీద చెయ్యి వేసి ఆపింది. "ఏ ఒక్కదానికి బావా?"

"పాపకి వాన చూపించి వస్తా" అని అతను గుమ్మం దాటాడు. ఆమె వెనకే వెళ్లింది. చూరు కింద ఇద్దరు నిలబడేంత చోటే ఉంది.

"రాత్రి ఇంట్లో నేనుంటాను, పాప ఉంటుంది. నాకు తెలీకుండా మనింట్లో నీకు ఇంకెవరున్నారు?"

"నువ్వే ఉన్నావు."

"తియ్యగా మాట్లాడకు, ఒళ్లు మండుతోంది. ఏ ఫోనో చెప్పు."

అతను పాప టోపీ సర్దాడు. సర్దిందే మళ్లీ సర్దాడు. "అల్మారా మీది పాత ఫోను."

దాన్ని అక్కడ పెట్టింది ఆమే. పాప కొత్తగా పుట్టినప్పుడు, వంటింట్లోంచి ఉయ్యాల కనబడాలని కెమెరాలా పెట్టి, తన ఫోనులోనూ బావ ఫోనులోనూ కనబడేలా కలిపింది. పాప గొంతు వీధి దాకా వినిపించడం మొదలయ్యాక ఆమె చూడటం మానేసింది. అతను మానలేదు.

"దానికి చార్జింగ్?"

"డ్యూటీకి వెళ్లేముందు నేనే పెడుతున్నా."

"నేను నిద్రపోతుంటే చూస్తావా?"

"నువ్వు కనపడవు. ఉయ్యాల, దాని మీద నీ చెయ్యి. అంతే. ఊపీ ఊపీ ఆ చెయ్యి ఆగిపోతుంది చూడు, అప్పుడు నువ్వు పడుకున్నావని తెలుస్తుంది. నేను లేచి పనిలోకి పోతా." పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఈమధ్య చెయ్యి లేదు. గోడ మీద ఫోను వెలుగు. ఎంతకీ ఆరదు. ఎవరితోనా అని..."

ఆమెకు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది.

"తుమ్ములతో" అంది. "పాప తుమ్మితే ఏం జబ్బో అని వెతుకుతా. మానలేక నెట్టే ఆపుదామన్నా."

"నేను చూస్తున్నానని తెలిసిపోయి, నన్ను ఆపడానికి అనుకున్నా."

"చెప్పి చూడొచ్చుగా. మాట్లాడకుండా చూడటం ఏం పద్ధతి బావా?"

"తప్పే. చెబితే తీసేస్తావని భయమేసింది." అతని కళ్లు వాన మీదే ఉన్నాయి. "తీసెయ్యమంటే ఇవాళే తీసేస్తా. నిజంగా."

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లింది. అతను పాపతో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏది తీసుకుంటారక్కా?"

"రెండోది. నా ఫోనుకి రాత్రి చుక్క నెట్ రాకూడదు. అల్మారా మీద ఒకటుంది, దానికి వదిలెయ్యమ్మా. ఎలా పెట్టాలో మా ఆయనకి చూపించు."

అతను దగ్గరికొచ్చాడు. మొహంలో వాన వెలిసినట్టుంది.

"ఆ ఫోను ఇవాళ కొంచెం పక్కకి తిప్పుతా" అందామె, అతని వైపు చూడకుండా. "ఒట్టి చెయ్యి చూస్తే నిద్రపోయానో, తిమ్మిరెక్కి ఆగిందో నీకేం తెలుస్తుంది? కానీ నేను నోరు తెరుచుకుని పడుకుంటా. నవ్వావో, దానిక్కూడా నెట్ కట్."

"నవ్వను" అన్నాడు బావ, అప్పటికే నవ్వుతూ.